మూడో చానల్ మౌనం

ఉదయగిరి,
మార్చి 1996

సుజనా,

నీ జాబు అందింది. పైన ‘క్రీస్తునందు ప్రియమైన మామకు’ అని రాసినావు. మధ్యలో ఆయన్ను పెట్టుకోకపోయినా నేను నీకు మేనమామనే. సరే, ఆ తగాదా తర్వాత.

నువ్వు జాబు చివర్లో ముక్తసరిగా రాసి పక్కకు తప్పుకున్న సంగతి ఒకటుంది. అది నన్ను బళ్లో పాఠం చెప్పనివ్వడం లేదు. ఆత్మకూరు కోల్డ్ స్టోరేజిలో చల్లదనం కోసం వాడే అమ్మోనియా ఎక్కడైనా కారితే పసిగట్టి కూసే యంత్రం ఉందన్నావు. దాన్ని చూసుకునే ఉద్యోగం నీకిచ్చినారన్నావు. సంతోషం. మన ఇంట్లో పాలిటెక్నిక్ చదివి యంత్రం మీద చెయ్యేసిన మొదటి ఆడపిల్లవు. కానీ చేరీ చేరకముందే యజమాని నారాయణయ్య నిన్ను పిలిచి, ‘ఆ కాయలేరే హాల్లో సైరన్ మాటిమాటికీ మోగతా ఉండాది, దాని హద్దు కాస్త పైకి జరపమ్మా’ అన్నాడట. దానికి నువ్వు రాసిన ముక్క ఒకటే: ‘ఆలోచిస్తా ఉన్నాను.’

ఏంది నువ్వు ఆలోచించేది? జ్వరం ఎక్కువైందని థర్మామీటరు మీద గీతలు చెరిపి పైన గీసుకుంటామా? ఆ హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని నిమ్మకాయలేరే ఆడవాళ్లు కలువాయి, దుత్తలూరు పల్లెలనుంచి వచ్చేవాళ్లు. వాళ్ల ఊపిరికి హద్దు గీసే అధికారం కాయల యజమానికి ఎవరిచ్చినారు? ఆయన పడుకునే గదిలో ఆ యంత్రం తగిలించి, అప్పుడు చెప్పమను ఎంతకు మోగాలో.

నామాట విను. దాన్ని పైకి జరపడం కాదు, అట్టడుక్కి దించు. చిటికెడు గాలి తగిలినా అరవాలి. కాయలు కుళ్లితే కుళ్లనీ.

ఇంతకూ ఆ పెట్టె ఎట్లా పనిచేస్తుందో సోషల్ మాస్టరుకు అర్థమయ్యేట్టు రాయి. తెలియకుండా మాట్లాడతానని నువ్వు ఎప్పుడూ అంటావు కదా.

మామ,
ఎడ్విన్

*

ఆత్మకూరు,
ఏప్రిల్ 1996

క్రీస్తునందు ప్రియమైన మామకు,

వందనాలు. (మానను. అమ్మ నేర్పింది.)

పెట్టె కంప్రెసర్ గది బయట గోడకుంది. దానికి ఎనిమిది చానళ్లు, మేము ఆరు వాడుతున్నాం. ఒక్కో చానల్‌కు ఒక్కో చోట పిడికిలంత సెన్సర్. మొదటి రెండూ కంప్రెసర్ గదిలో, మూడోది కాయలేరే హాల్లో, మిగతావి చలిగదుల్లో. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది. అందుకని సెన్సర్లన్నీ దూలాల ఎత్తున ఉంటాయి.

ప్రతి చానల్‌కూ రెండు హద్దులు పెట్టాలి. మొదటిది హెచ్చరిక, రెండోది ప్రమాదం. హాలుకు పాతిక, యాభై (పది లక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్ల అమ్మోనియా అని లెక్క). కంప్రెసర్ గదికి ఇంకా ఎక్కువ, అక్కడ రోజంతా కూర్చునేవాళ్లు ఉండరు గనక. తర్వాత, హద్దు దాటి ఎంతసేపు నిలబడితే మోగాలి, మోగింది తనంతట తానే ఆగాలా, మనిషి వచ్చి నొక్కితేనే ఆగాలా, ఏ హద్దుకు ఏది కదలాలి, లైటా, ఫ్యానా, సైరనా... ఇవన్నీ నాలుగు మీటలతో దానికి చెప్పాలి. చెప్పాలంటే ముందు రహస్య అంకె కొట్టాలి. అది నాకూ, బిగించి పోయిన మద్రాసు కంపెనీ మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు.

నారాయణయ్య గారికి కుదరదని చెప్పినాను. ఆయన నవ్వి, “ఏమ్మా, నిన్ను జీతానికి పెట్టుకున్నానా, జడ్జిగా పెట్టుకున్నానా?” అన్నాడు.

“పాతిక అనేది నేను పెట్టింది కాదయ్యా. మనిషి ఊపిరి పెట్టింది.”

“మీ మామ మాదిరే మాట్లాడతా ఉండావే,” అన్నాడు. ఉదయగిరి ఎడ్విన్ సార్ మేనకోడలినని ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు. కోపంగా అనలేదు. కానీ మళ్లీ అడుగుతాడు.

మీరు చెప్పినట్టు అట్టడుక్కి దించడం కూడా తప్పే మామా. కంప్రెసర్‌లో నూనె తీసినప్పుడల్లా కాస్త వాసన హాల్లోకి వస్తుంది. దానికీ దీనికీ సైరన్ మోగితే ఇంక ఎవరూ లేవరు. నాన్నా పులి కథ మాకు మీరే కదా చెప్పింది? ఇప్పటికే సగం లేవడం లేదు. మద్రాసు మనిషి తొందరలో రెండు హద్దులకూ ఒకే సైరన్ తగిలించి పోయినాడు. హెచ్చరికకూ ప్రమాదానికీ కూత ఒకటే.

ఇంకో ఇబ్బంది. బయట ఎక్కడా నీడ లేదు. హాలు చల్లగా ఉంటుందని పసిబిడ్డల తల్లులు లోపల దూలాలకే చీర ఉయ్యాలలు కడతారు. సైరన్ ఆ దూలం పక్కనే. అది కూసినప్పుడు బిడ్డలు ఉలిక్కిపడి నీలుక్కుని ఏడవడం చూడలేం. కామమ్మక్క అని, దుత్తలూరు పక్కన పల్లె, కాయలేరేవాళ్లకు ఆమే పెద్ద. “మే సుజనా, నీ పెట్టెకు దయ్యం పట్టిండాది. చర్చీకి తీసుకపోయి ప్రార్థన చేయించరాదా,” అంటుంది.

దేవుడి దయవల్ల ఈమధ్య మూడో చానల్ మోగలేదు. వాల్వు దగ్గర వాషరు మార్పించినాను. అందుకేనేమో.

మీ సుజన

*

ఉదయగిరి,
మే 1996

సుజనా,

నీ ఏప్రిల్ జాబుకు రెండు జాబులు రాసినాను. జవాబు లేదు. నువ్వు జవాబు రాయకపోవడంలో కూడా ఒక జవాబు ఉందని నా అనుమానం.

మాటిమాటికీ మోగే సైరన్ ఎండలు ముదిరిన నెలలో ఉన్నట్టుండి మూగబోయిందంటావు. వాషరు అంటావు. నా బిడ్డా, యజమాని హద్దు పెంచమన్నాడు, నువ్వు కాదన్నావు, వెంటనే సైరన్ ఆగింది. ఆ రహస్య అంకె నీకూ మద్రాసు మనిషికీ తెలుసు. మద్రాసు మనిషికి అన్నం పెట్టేదెవరు? నారాయణయ్య. ఇంక నీకు అర్థం కానిదేంది? మౌనం ఊరికే రాదు. ఎవరో ఒకరు తెప్పిస్తారు.

నువ్వు ఉద్యోగంలో ఉండి చెప్పలేవు, నాకు తెలుసు. అందుకే నేను చెప్పినాను. ‘గొంతు నులిమిన సైరన్’ అని కరపత్రం వేసినాను. నా కరపత్రాలు ఎప్పుడూ పంచే పిచ్చయ్యే ఆత్మకూరు బస్టాండులో, తాలూకా ఆఫీసు ముందర, ఆదివారం చర్చి దగ్గర పంచినాడు. నారాయణయ్య పేరు పెట్టే రాసినాను. నీ పేరు ఎక్కడా లేదు, భయపడొద్దు.

నిజం చెప్పడానికి ముహూర్తం చూసుకునే అలవాటు నాకు లేదు.

ఎడ్విన్

*

ఆత్మకూరు,
మే 1996

మామకు,

మీ కరపత్రం చదివినాను. బాగా రాసినారు. మీరు ఎప్పుడూ బాగానే రాస్తారు. కాకపోతే అది అబద్ధం.

ఏప్రిల్ చివర్లో అన్ని చానళ్లూ పరీక్ష చేసినాను. బాటిల్లోంచి తెలిసిన మోతాదు గ్యాసు సెన్సర్ దగ్గర వదిలితే పెట్టె అదే అంకె చూపించాలి. నిచ్చెనెక్కి చూస్తే మూడోదాని ముఖానికి తడిగుడ్డ. మడతలు పెట్టి, పురికొసతో ముచ్చటగా కట్టినారు.

కింది నుంచి కామమ్మక్క కేకేసింది. “దాన్ని కదిలించబాక మే! ఇప్పుడే చల్లబడింది.”

“ఎవరక్కా కట్టింది?”

“నేనే. ఎండ ముదిరేకొద్దీ దానికి వేడి చేస్తా ఉండాది. ఆ ఎర్రలైటు చూడు, కండ్లు ఎట్ట మండతా ఉండాయో. బిడ్డకు జరమొస్తే నుదుట తడిగుడ్డ ఎయ్యమా? ఏసినకాడ్నించి ఒక్క కూత లేదు. ఇంత సదువు సదివినావు, నీకు తట్టలేదే!”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వినాను. తర్వాత నిచ్చెన దిగకుండానే ముడి విప్పినాను. ఎండలకు పైపుల్లో ఒత్తిడి పెరిగి కారడం ఎక్కువవుతుంది. ఆమె చూసింది తప్పు కాదు, దానికి చెప్పుకున్న కారణం తప్పు. అమ్మోనియాకు తడి కనబడితే చాలు, అందులో కరిగిపోతుంది. సెన్సర్ దాకా పోదు. జరం తగ్గిందని వాళ్లు నవ్వుతున్నారు, పెట్టె సున్నా చూపిస్తా ఉంది, హాల్లో గాలి మాత్రం అట్లనే ఉంది.

నేను తీస్తాను, మళ్లీ వాళ్లు కడతారు. వేడి సంగతి కాదక్కా అంటే, “మరి కూత ఎందుకు ఆగింది?” అంటారు. గాలి తడిలో కరుగుతుందంటే నమ్మరు. హెచ్చరికకు సైరన్ తీసేసి లైటూ ఫ్యానూ పెడదామని, వాళ్లకు నిదానంగా చూపించి ఒప్పిద్దామని లోపల్లోపల పని మొదలుపెట్టినాను. మీకు రాయలేదు. రాస్తే అచ్చేస్తారని. రాయనందుకూ అచ్చేసినారు.

కరపత్రం చూసి నారాయణయ్య మద్రాసు మనిషిని పిలిపించినాడు. “నేనా గొంతు నులిమింది? అందరి ముందర తేల్చు,” అన్నాడు. ఆ మనిషి నిచ్చెనెక్కి గుడ్డకు ఫొటో తీసినాడు. యంత్రాన్ని పాడు చేసినారని కామమ్మక్కనూ, ఇంకా కట్టిన చెయ్యి ఎవరిదని అడిగితే ‘నాది’ అని లేచిన, ఆమె పక్కనే కాయలేరే రాహేలమ్మత్తనూ గేటు బయట పెట్టినారు. మేనేజరు మాల్యాద్రి వచ్చి యజమాని మాట చెప్పిపోయినాడు: “రాసినోడిని రమ్మను. గేటు కాడ, అందరూ వినేట్టు, నారాయణయ్య తప్పు లేదని నోటితో చెప్పమను. అప్పుడు ఆ ఇద్దర్నీ లోపలికి రానిస్తాం.”

మీరు విసిరింది ఎవరికి తగిలిందో చూసుకోండి.

సుజన

*

ఉదయగిరి,
జూన్ 1996

సుజనా,

నీ జాబు చదివి రెండు రోజులు కాగితం మీద పెన్ను పెట్టలేదు. అది నాకెంత కష్టమో నీకు తెలుసు.

కట్టినవాళ్ల విషయంలో పొరబడినాను. ఒప్పుకుంటాను. కానీ మిగతా ప్రశ్నలు ఎక్కడికీ పోలేదు. బిడ్డలకు వేరే నీడ ఎందుకు లేదు? రెండు హద్దులకూ ఒకే కూత తగిలిస్తే డబ్బిచ్చిన యజమాని ఎందుకు అడగలేదు? ఆ పెట్టె దేనికి కూస్తుందో దాని కింద కూర్చునేవాళ్లకు ఒక్కరైనా చెప్పినారా? గుడ్డ ఎవరు కట్టినారు అనేది పోలీసోడి ప్రశ్న. అంతటితో ఆగిపోయేవాణ్ణయితే నేనూ ఖాకీ చొక్కా వేసుకునేవాణ్ణి.

ఇదంతా బస్సులో కట్టుకున్న వాదన. అది మూటగట్టుకుని దుత్తలూరులో దిగి కామమ్మ ఇంటికి పోయినాను.

వాకిట్లో చింతకాయలు కొడతా ఉంది. రాహేలమ్మ పక్కనే మనమణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ పిల్లోడి కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతున్నాయి, మధ్యమధ్యలో దగ్గుతున్నాడు. కండ్లకలక అంది. నేను నా పేరు చెప్పినాను.

“ఓహో, కాయితాల సారా,” అంది కామమ్మ. లేవలేదు. “మీరు రాసింది మా ఊరి పిల్లోడొకడు సదివి యినిపించినాడు. యజమాని ఉండాడు, మద్రాసోడు ఉండాడు, ప్రభుత్వం కూడా ఉండాది. అందులో నేను యాడుండాను సారూ?”

“కార్మికులు అని రాసినాను కదమ్మా,” అన్నాను.

“కార్మికులు యాడ కూర్చుంటారో, బిడ్డను యాడ పండేస్తారో చూసినారా? ఒక్కసారి హాల్లోకొచ్చి తొంగి చూసినారా? చూసుంటే ఆ గుడ్డ మీకే కనపడుండు. ఎద్దు పుండు కాకికి ముద్దా సారూ?”

సుజనా, నన్ను వేదికల మీద ఎన్నో తిట్టినారు. కాకి అని ఎవరూ అనలేదు.

తప్పు దిద్దుకుంటూ ఇంకో కరపత్రం వేస్తానన్నాను. “కాయితం గాలికి పోద్ది. ఆయన అడిగింది నీ నోరు. నాకు ఇంటికాడ ముగ్గురు పిల్లోళ్లు, ఆమెకు ఈ మనమడు. వస్తావా, రావా?” ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. నాకు కోపం రాలేదు.

రాననే చెప్పినాను.

నీకు ఒకటి తెలియాలి. నారాయణయ్య వాళ్ల పెద్దల ఇంటిముందు మా నాయన చెప్పులు చేతపట్టుకుని నడిచేవాడు. నేను చిన్నప్పుడు వెనకాలే నడిచినాను. బళ్లో చదివి, బడిపంతులై, ఆ వీధిలోనే చెప్పులేసుకుని తల ఎత్తుకుని నడవడానికి నాకు సగం వయసు పట్టింది. ఇప్పుడు పోయి ఆ మనిషి గేటు ముందర, ఆయన తప్పు లేదు, నాదే తప్పు అని చెప్పాలా? నేను చెప్పేది ఒక్క గుడ్డ సంగతి. వినేవాళ్లకు మాత్రం మా నాయన చెప్పులే కనబడతాయి.

రాలేను. అర్థం చేసుకో.

మామ

*

ఆత్మకూరు,
జూలై 1996

క్రీస్తునందు ప్రియమైన మామకు,

రాలేనని మీరు రాసిన జాబు నాకు శనివారం అందింది. సోమవారం పొద్దున షిఫ్టు మారే వేళకు మీరు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను పలకరించలేదు కూడా. మీరన్నది చివరనున్న వాచ్‌మన్‌కు కూడా వినబడింది. “సైరన్‌ను నారాయణయ్య ఆపలేదు. ఆపినాడని నేను రాసినాను. చూడకుండా రాసినాను.” నారాయణయ్య గారు, “ఇంకేమన్నా చెప్పాల్నా సారూ?” అన్నాడు నవ్వుతా. “చాలా ఉంది. ఇప్పటికి ఇది,” అని మీరు బస్సుకు పోయినారు. అంతకుముందు ఆయన టీ తెప్పించినాడు, మీరు తాగలేదు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి మామా. నేను చూసినాను.

మీరు పోయినాక జరిగింది రాస్తాను.

కామమ్మక్కా, రాహేలమ్మత్తా ఆ పూటే లోపలికొచ్చినారు. నారాయణయ్య గారి ముఖం వెలుగుతా ఉంది గనక అదే అదనని అడిగినాను. మూడో చానల్ సెట్టింగులు మార్చాలి, గాలిని బయటికి తోసే ఫ్యానొకటి కొనాలి. “మీ మామ వచ్చినాడు గదా, ఇంక నువ్వడిగింది కానీ,” అన్నాడు. ఇది మీకు నచ్చదని తెలుసు.

హద్దులు కదపలేదు. పాతికా, యాభై అక్కడే. పాతిక దాటితే ఇంక సైరన్ మోగదు, పసుపు లైటు వెలిగి కప్పు కింద ఫ్యాను తిరుగుతుంది. గాలి తేరుకుంటే రెండూ వాటంతట అవే ఆగుతాయి. యాభై దాటితే మాత్రం సైరన్, దానితోపాటు కంప్రెసర్ బంద్. అది తనంతట ఆగదు, మనిషి వచ్చి అంతా చూసుకుని నొక్కాలి. సైరన్‌ను దూలం మీద నుంచి తీసి తలుపు బయట పెట్టినాను.

తర్వాత పని ఆపించి అందర్నీ నిలబెట్టినాను. మాల్యాద్రిని పెట్టె దగ్గరుండి అంకె కేకెయ్యమన్నాను. నిచ్చెనెక్కి గ్యాసు వదిలినాను. “పన్నెండు... ఇరవై... ముప్పై!” పసుపు లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టినారు.

కామమ్మక్క కొట్టలేదు. “ఇప్పుడు నా గుడ్డ ఏసి చూపించు,” అంది.

తనే తడిపి, మడిచి అందించింది. కట్టినాను. అదే బాటిలు, అంతే గ్యాసు. నిచ్చెన పట్టుకున్నవాళ్ల ముక్కులకు కూడా వాసన కొడతా ఉంది. మాల్యాద్రి అరుస్తున్నాడు: “సున్నా. సున్నానే ఉండాది. సున్నా!”

కామమ్మక్క చెయ్యి చాపితే గుడ్డ విప్పి ఇచ్చినాను. ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం తిప్పుకుంది.

“ఇన్నాళ్లూ ఈ గుడ్డ తాగతా ఉండిందా మే?”

“అవునక్కా.”

“గుడ్డకు అందంది ఎవురు తాగినారు?”

రాహేలమ్మత్త పైకి చూసింది. ఉయ్యాల దూలానికి ఉంది, సెన్సర్‌కు బెత్తెడు పక్కన, గాలి పోయి చేరే ఎత్తులో. లోపల ఎర్రకళ్ల మనమడు నిద్రపోతున్నాడు. ఆమె బిడ్డను తీసి కామమ్మక్క చేతికిచ్చి, బల్లెక్కి ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుని రాలేదు. పక్కామె సాయం పట్టింది. తర్వాత ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల చీరలు దించుకున్నారు.

ఉయ్యాలలన్నీ ఇప్పుడు మాల్యాద్రి ఆఫీసు గదిలో ఉన్నాయి. ఆయన ఫైళ్ల మీద పొత్తిగుడ్డలు ఆరతా ఉన్నాయి. నారాయణయ్య గారు వచ్చి చూసి, షెడ్డు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. రాహేలమ్మత్త మనమణ్ణి నెల్లూరు కళ్లాసుపత్రిలో చూపించినాము. చూపుకు భయం లేదంట. దగ్గు సంగతి మాత్రం డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు.

మీ సుజన

*

ఉదయగిరి,
జూలై 1996

సుజనా,

ఇక్కడ టీకొట్టు దగ్గర పిచ్చయ్య నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడు. నిన్న మాత్రం ఉండబట్టలేక అడిగినాడు: “ఎడ్విన్నా, కాళ్లమీద పడినావంట గదా?” పడలేదురా, నిలబడే చెప్పినానన్నాను. “రెండూ ఒకటే,” అన్నాడు. పోట్లాడినాను. గట్టిగానే పోట్లాడినాను. కానీ ఇంటికి నడుస్తా ఉంటే నోట్లో మెదిలింది పిచ్చయ్య మాట కాదు, ‘గుడ్డకు అందంది ఎవురు తాగినారు’ అని కామమ్మ అడిగింది.

షెడ్డు తర్వాత చూద్దామన్నాడా? ఆ ‘తర్వాత’ నాకు తెలుసు. మా నాయన కాలం నుంచి నడుస్తా ఉంది. మాల్యాద్రి ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు? ఆ గదిలోంచి గెంటితే ఉయ్యాలలు మళ్లీ దూలానికే ఎక్కుతాయి. నువ్వు అంకెలు ఎంత సరిగ్గా పెట్టినా, బిడ్డ పడుకునే చోటు ఆ పెట్టె చేతిలో లేదు. అందుకని రాయక తప్పదు. రాసినాను. అలవాటు కొద్దీ మూడు పేజీలు రాసి, చించి పారేసినాను.

ఇప్పుడు ఇందులో పెట్టి పంపేది అరపేజీ. గుడ్డ తడిపి కట్టడం, సున్నా, ఆ తర్వాత ఆమె అడిగింది ఆమె అడిగినట్టే. కింద నాది ఒక్క వాక్యం: బిడ్డలకు హాలు బయట నీడ కావాలి. నారాయణయ్యను ఒక్క తిట్టు తిట్టలేదు. నాకెంత కష్టమైందో ఆ దేవుడికే తెలియాలి, ఉంటే.

పిచ్చయ్యకు ఇవ్వలేదు, ప్రెస్సుకు ఇవ్వలేదు. కామమ్మను కూర్చోబెట్టి నిదానంగా చదివి వినిపించు. అందులో తాను ఉన్నానంటే అచ్చుకు ఇస్తాను. లేనంటే, ఎక్కడ తప్పిపోయిందో అడిగి రాయి. మళ్లీ రాస్తాను.

మామ